మెడలో బెల్టు

అతను పోయాడని విరుదునగరం నుంచి అతని భార్యే ఫోను చేసి చెప్పింది. ఏడవలేదు.

"నిద్రలోనే పోయినాడక్కా. పొద్దున కాపీ తీసుకుపోయి గది వాకిలి కాడ నిలబడి పిలిచినాను. దగ్గరికి పోయి తట్టి లేపితే కొడతాడు కదా, అందుకని దూరం నుంచే పిలిచినాను. చాలాసేపు పిలిచినాను. కాపీ చల్లారిపోయినాది."

ఎన్ని గంటలకని అడిగాను. తేదీలూ గంటలూ రాసిపెట్టుకోవడం నాకు చిన్నప్పటి అలవాటు. ఆమె చెప్పింది, నేను రాసుకున్నాను. ఫోను పెట్టేశాక రాసినదాన్ని చాలాసేపు చూశాను. ఏ రోడ్డు మీదో, ఎవడి చేతిలోనో పోవలసిన మనిషి నిద్రలో పోయాడంటే కూడిక తప్పిన లెక్కలాగే ఉంది నాకు.

అతని పేరు రాయను. ఆమెకి ఇష్టం ఉండదు. మా దగ్గర పనిచేసే ఆడవాళ్ళు బెల్టాయన అనేవాళ్ళు. అది చాలు.

కోవిల్‌పట్టి నుంచి కళుగుమలై పోయే దారిలో మా తమ్ముడికి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఉంది. లెక్కలు నేను చూస్తాను, మిగతాదంతా తమ్ముడిది. పెట్టెల అట్ట కొలిచి కోసే యంత్రం ఒకటి ఉంది మాకు. మోటారు నుంచి పెద్ద చక్రానికి ఒక బెల్టు పోతుంది. చక్రం తిరిగితే కత్తి పడుతుంది. ఎంత అట్ట ముందుకొచ్చాక కత్తి పడాలో, ఎప్పుడు ఆగాలో చెప్పేది గోడకున్న డబ్బాలోని బోర్డు. ఆ బోర్డు మధ్యలో గోరంత చిప్పు. పెట్టె సైజు మారినప్పుడల్లా ఆ చిప్పులోకి కొత్త ప్రోగ్రాం ఎక్కించాలి. ఇప్పటి యంత్రాలైతే మీట నొక్కి కొలత మార్చుకుంటారు. మాది పాతది, చౌకగా కొన్నది. చేసినవాళ్ళు ఎప్పుడో దుకాణం కట్టేశారు. ప్రోగ్రాములు విరుదునగరం నుంచి వచ్చి ఎక్కించే అతని దగ్గర మాత్రమే ఉండేవి. అందుకని అతను ఎంత కొట్టినా తిట్టినా మాకు అతనే కావలసివచ్చేది.

ఎక్కించడం ఎలాగో నేను అడిగితే చెప్పాడు. కరెంటు రాగానే చిప్పు తన లోహపు కాళ్ళలో ఒకదాని వంక చూసుకుంటుందట. అక్కడ జంపరు అని శనగబద్దంత ముక్క ఉంటుంది. అది ఒకవైపు ఉంటే చిప్పు తన పని తాను చేసుకుపోతుంది. రెండోవైపు ఉంటే పని మానేసి, ల్యాప్‌టాప్ నుంచి వచ్చే సీరియల్ తీగల దగ్గర చెవి పెట్టుకుని కూర్చుంటుంది. దాన్ని బూట్ మోడ్ అంటారు. అప్పుడు పాత ప్రోగ్రాం చెరిపి, కొత్తది రాసి, రాసింది సరిగ్గా పడిందో లేదో తిరిగి చదివి చూసుకోవాలి.

"అంతసేపూ మిగతా కాళ్ళు ఏం చేస్తాయి?" అని అడిగాను.

"వాటిని వదిలేస్తాది. అప్పుడు అవి ఎవురివీ కావు," అన్నాడు. "చిప్పు చెయ్యి వదిలేస్తే మోటారు ఆగాల కదా? మీ బోర్డు చేసినవాడు ఎట్లాంటి మొనగాడంటే, వదిలేస్తే తిరుగుతాది."

మోటారుకీ బోర్డుకీ స్విచ్చు ఒకటే. బోర్డుకి కరెంటు ఇస్తే మోటారుకీ ఇచ్చినట్టే. కాబట్టి ప్రోగ్రాం ఎక్కుతున్నంతసేపూ మోటారు హోరుమని తిరుగుతూనే ఉంటుంది, చెప్పేవాళ్ళు లేకుండా. బెల్టు తగిలించి ఉంటే కత్తి కూడా అలాగే పడుతుంది. అందుకని అతను వస్తూనే ముందు బెల్టు ఊడదీసి గోడ మేకుకి తగిలించేవాడు. ఆ తర్వాతే సంచీ విప్పేవాడు.

పుదూరు పక్క పల్లెలో పుట్టాడు. మాతో తెలుగే మాట్లాడేవాడు. తిట్లు తమిళంలో, పని మాటలు ఇంగ్లీషులో. పొట్టి మనిషి, మెడ లావు. జంపరు ఊడదీసి, కింద పడితే దొరకదని పళ్ళ మధ్య పెట్టుకునేవాడు. అది పళ్ళ మధ్య ఉన్నంతసేపు మాట్లాడలేడు కనక చెప్పాల్సింది చేతులతో చెప్పేవాడు. అడ్డమొచ్చినవాళ్ళని జబ్బ పట్టుకుని ఈడ్చేవాడు. స్టూలు కాలితో తన్నేవాడు. ఒకసారి మా ఎలక్ట్రీషియన్, ఇతనేం చేస్తున్నాడో చూద్దామని, డబ్బా మీదికి వంగాడు. ఇతను అతని మెడ పట్టుకుని గోడకేసి కొట్టాడు. ఎలక్ట్రీషియన్ ముక్కులోంచి రక్తం కారింది. జంపరు పెట్టడం అయ్యాక, నోరు ఖాళీ అయ్యాక, "నీ నీడ పడినాది. కాళ్ళు కనపడలే," అన్నాడు. క్షమాపణంటే అతని దగ్గర అంతే.

మోటారు తిరుగుతుంటే తీగల్లో ఏదో చెత్త కలుస్తుందట, అందుకని మొదటిసారి ప్రోగ్రాం సరిగ్గా పడడం అరుదు. తిరిగి చదివితే తప్పు చూపించేది. అప్పుడు చేతికి ఏది అందితే అది ఎగిరేది. స్క్రూడ్రైవరు, చార్జరు, టీ గ్లాసు. గోడకి పడ్డ సొట్టలు ఇప్పటికీ ఉన్నాయి. అందుకని మొదటిసారి ఎక్కించేటప్పుడు నేను నా స్టీలు గ్లాసు బల్ల మీంచి తీసి వెనక దాచుకునేదాన్ని. మారి గోడవైపుకి జరిగేది.

మారి ఆ యంత్రం మీద పనిచేసే మనిషి. కత్తి కింద అట్ట ఇరుక్కుంటే చేత్తో లాగేది ఆమే. మాలాగే ఇంట్లో తెలుగు, బయట తమిళం. నోరు పెద్దది.

"ఈయనకి టీ ఎందుకక్కా ఇస్తారు? వేపాకు కషాయం కాచి పొయ్యాల," అనేది, అతనికి వినపడేలాగే.

అతను విని, మళ్ళీ తన పని మీదికి వంగేవాడు. మా ఫ్యాక్టరీలో అతను ఎప్పుడూ తిట్టనిది మారి ఒక్కదాన్నే.

ఇంకొకటి కూడా ఉండేది అతనిలో. స్విచ్చు వేసే ముందు తల ఎత్తి మోటారు పుల్లీ వంక చూసేవాడు. బెల్టు తీసింది తనే. అది మేకుకి వేలాడుతోందని తెలుసు. అయినా చూసేవాడు. రెండోసారి వేసినా, మూడోసారి వేసినా, ఎంత కోపంలో ఉన్నా సరే, ఆ చూపు తప్పేది కాదు. దాని మీద ఫ్యాక్టరీలో కథలు చెప్పుకునేవాళ్ళు. కారియాపట్టి దగ్గర ఒక మిల్లులో ఇతని వల్ల ఎవరిదో చెయ్యి పోయిందని ఒక కథ. పోయింది అతని అన్న చెయ్యేనని ఇంకో కథ. నేను అతన్నే అడిగాను.

"నేను కారియాపట్టిలో పని చెయ్యలే. నాకు అన్న లేడు," అన్నాడు.

కాబట్టి ఆ కథలు రెండూ ఇక్కడ కొట్టేస్తున్నాను.

అతను మా తమ్ముణ్ణి కొట్టిన రోజు మాకు ఆర్డరు తొందర ఉంది. లారీ వాకిట్లో నిలబడి ఉంది. తమ్ముడు లోపలికీ బయటికీ తిరుగుతున్నాడు. ప్రోగ్రాం మొదటిసారి పడలేదు. అతను స్విచ్చు ఆపాడు, చార్జరు విసిరాడు, వెనక్కి తిరిగి ల్యాప్‌టాప్ మీదికి వంగాడు. మోటారు చప్పుడు ఆగేసరికి పని అయిపోయిందనుకున్నాడు తమ్ముడు. మేకుకున్న బెల్టు తీసి తనే ఎక్కించాడు.

"మారీ, ఆ ఇరుక్కున్న అట్ట లాగు. మొదలుపెడదాం."

మా వైపు యజమానిని మొదలాళి అంటారు. మొదలాళి చెప్పాడు, మారి మోచేతి దాకా కత్తి కింద పెట్టింది.

అతను తల తిప్పకుండానే కుడిచెయ్యి స్విచ్చు మీదికి చాచాడు. వేళ్ళు ఆనాయి. అప్పుడు, ఎప్పటిలాగే, తల ఎత్తాడు.

అతను అంత నెమ్మదిగా కదలడం నేను అంతకుముందు చూడలేదు. స్విచ్చు మీది చేతిని ఎడమచేత్తో పట్టుకుని ఇవతలికి తీశాడు, అదేదో ఇంకొకరి చెయ్యి అయినట్టు. "మారీ, చెయ్యి తియ్యి," అన్నాడు మెల్లగా. ఆమె తీసింది. బెల్టు ఊడదీశాడు. దానితో మా తమ్ముణ్ణి కొట్టాడు.

నడుముకి పెట్టుకునే బెల్టు కాదు అది. వేలెడు మందం రబ్బరు, లోపల గట్టి దారం. మొదటి దెబ్బకే తమ్ముడి ఎడమ చెవి తమ్మె చీలింది. తర్వాత వీపు, భుజాలు. కింద పడ్డాక కాళ్ళు. కొడుతూ ఒకటే మాట అంటున్నాడు.

"అడిగినావా? నన్ను అడిగినావా?"

ఎవరూ అడ్డం పోలేదు. నేను పోయాను. ఒక దెబ్బ నా ముంజేతి మీద పడింది. అప్పుడు ఆగాడు. ల్యాప్‌టాప్ సంచీలో వేసుకుని, బెల్టు నా కాళ్ళ దగ్గర పడేసి వెళ్ళిపోయాడు.

తమ్ముడు లేచి కూర్చున్నాడు. చొక్కా ఎడమ పక్కంతా రక్తం. పని వాళ్ళందరి ముందు తన్నులు తిన్నాడు కదా, దెబ్బల కంటే అదే మండుతోంది.

"ఏమైపోయింది ఇప్పుడు? ఏం మునిగిపోయింది? బెల్టు వేసి స్విచ్చు వెయ్యండిరా," అని అరిచాడు.

ఎలక్ట్రీషియన్ జంపరు పాత చోట పెట్టాడు, బెల్టు ఎక్కించాడు, స్విచ్చు వేశాడు.

చిప్పు ఖాళీగా ఉంది. పాతది చెరిగిపోయింది, కొత్తది పడలేదు. దాని కాళ్ళు ఇప్పుడూ ఎవరివీ కావు. కత్తి పడడం మొదలుపెట్టింది. కొలత లేదు, ఆగడం లేదు. మారి లాగకుండా వదిలేసిన అట్ట కత్తి కిందే ఉంది. దాన్ని నరికింది. నరికిన ముక్కల్ని మళ్ళీ నరికింది. అట్ట పొట్టు లేచి మా మొహాల మీద పడింది. ఎలక్ట్రీషియన్ తేరుకుని స్విచ్చు ఆపేసరికి అక్కడ చెంచాతో ఎత్తాల్సిన పొడి మిగిలింది. మారి కుడిచేతిని కొంగులో చుట్టి పొట్టకి అదుముకుని నిలబడింది.

తమ్ముడు ఆ పొడి చూశాడు. చూశాక కూడా మూటలెత్తే ఇద్దరిని పంపాడు. కోవిల్‌పట్టి బస్టాండులో విరుదునగరం బస్సు కోసం నిలబడ్డవాణ్ణి పక్కకి ఈడ్చుకుపోయి, కుడిచెయ్యి గట్టు మీద పెట్టించి, రాయితో కొట్టారు. పట్టపగలు, జనం చూస్తుండగా.

నాకు మర్నాడు తెలిసింది. తమ్ముణ్ణి గదిలోకి పిలిచాను.

"మారి చెయ్యి నిలబెట్టినవాడి చెయ్యి విరగ్గొట్టించినావు. దీన్ని ఏ పద్దు కింద రాయమంటావు?"

"నన్ను కొట్టినాడక్కా."

"కొట్టినాడు. నాకూ తగిలింది. నేనెవర్ని పంపినాను?"

తమ్ముడు చెవి కట్టు తడుముకున్నాడు.

యంత్రం ఆగిపోయింది. ఆ ప్రోగ్రాం కోసం ఎవర్ని అడిగినా లేదన్నారు. చివరికి నేనే విరుదునగరం బస్సెక్కాను. దారంతా అతని గురించి మంచిగా అనుకుంటూ వెళ్ళాను. స్విచ్చు మీంచి తన చేతిని తానే తీసుకున్న మనిషి కదా అని.

చిన్న ఇల్లు. కట్టు కట్టిన చేతిని దిండు మీద పెట్టుకుని కూర్చున్నాడు. లేవలేదు.

"ఏం, మొదలాళి చెవికి కుట్లు వేసినారా?"

"వేసినారు."

"నాకు కుట్లు చాలలే. కమ్మీ పెట్టినారు."

భార్య మంచినీళ్ళు తెచ్చింది. గ్లాసు అందుకుంటుంటే ఆమె మోచేతి దగ్గర కమిలిన మచ్చ కనపడింది. అప్పుడప్పుడే నల్లబడుతోంది. కుడిచెయ్యి కట్టులో ఉంది, అంటే ఇది ఎడమచేతి పని. నేను లెక్క వేస్తున్నానని ఆమెకి తెలిసిపోయింది. పైట లాగి కప్పుకుంది. బస్సులో నేను అనుకున్న మంచి ఆ గ్లాసు నీళ్ళు తాగేలోపు సగమైపోయింది. మొత్తం పోలేదు. రెండూ ఉన్నాయి కాబట్టి రెండూ రాస్తున్నాను.

"వస్తాను," అన్నాడు. "కానీ బెల్టు ఇంక మేకుకి ఉండకూడదు. మీ తమ్ముడి మెడలో ఉండాల."

"మెడలోనా?"

"స్విచ్చు వెయ్యమని చెప్పేవాడెవుడో వాడి మెడలో. అప్పుడు వాడికి తెలీకుండా ఎవుడూ తగిలించలేడు. వాడూ మర్చిపోడు, గీరుకుంటా ఉంటాది కదా."

"మోటారుకి వేరే స్విచ్చు పెట్టిస్తే పోదా?"

"పెట్టించు. దాన్ని వేసేది మళ్ళా నీ తమ్ముడే కదక్కా."

ఇంకో మాట కూడా చెప్పాడు. పని అయ్యాక ఆ బెల్టు తమ్ముడు తనంతట తాను తీసుకోకూడదు. కత్తి కింద చెయ్యి పెట్టే మనిషి వచ్చి తియ్యాలి. ఆ మనిషికి తియ్యాలనిపించినప్పుడు తియ్యాలి.

తమ్ముడు కొన్నాళ్ళు భీష్మించుకుని కూర్చున్నాడు. ఆర్డరు చెయ్యి జారేలా ఉందని తెలిశాక ఒప్పుకున్నాడు.

అతను కట్టు కట్టిన చేత్తో, పక్కన భార్యతో వచ్చాడు. తమ్ముడు బెల్టు మెడలో వేసుకుని యంత్రం పక్కన నిలబడ్డాడు. ఆడవాళ్ళంతా పని ఆపి చూశారు. రబ్బరు చెవి కట్టుకి ఒరుసుకుంటుంటే తమ్ముడు పళ్ళు బిగబట్టాడు.

"మొదలాళికి మాల బాగుండాది. ఎవురన్నా ఒక ఫోటో తియ్యండే," అంది మారి.

మోటారు హోరుమంది. పుల్లీ వట్టిగా తిరిగింది. పని అయ్యాక మారి ముందు చేతుల జిగురు కడుక్కుంది. నీళ్ళు తాగింది. కొప్పు విప్పి మళ్ళీ ముడేసుకుంది. తమ్ముడు నిలబడే ఉన్నాడు. అప్పుడు వచ్చి, దండ తీసినట్టు రెండు చేతులతో బెల్టు తీసింది. అతను పళ్ళ మధ్య ఏమీ లేకపోయినా ఒక్క మాట మాట్లాడకుండా అదంతా చూశాడు.

ఆ చెయ్యి వంకరగా అతుక్కుంది. వేళ్ళు ముడుచుకోవు. మా బోర్డు మీద తీగలు తగిలించే చోటు అరిగిపోయింది. కొసల్ని వేళ్ళతో అదిమి పట్టుకోవాలి, ప్రోగ్రాం పడేదాకా వదలకూడదు. ఆ పని భార్యకి నేర్పాడు. నేర్పడమంటే వెనక నిలబడి తిట్టడం. ఆమె రెండు చేతులతో తీగలు పట్టుకునేది, అతను ఎడమచేత్తో ల్యాప్‌టాప్ మీటలు నొక్కేవాడు. తప్పు వస్తే ఎడమచేత్తోనే విసిరేవాడు.

ఒకసారి ఆమె పట్టు కాస్త జారింది. అందరి ముందూ ఆ వంకర చెయ్యి ఆమె మీదికి ఎత్తాడు. మోటారు తిరుగుతోంది. ఆమె తల తిప్పలేదు. వేళ్ళు తియ్యలేదు.

"కొట్టు," అంది. "పాతది చెరిగిపోయినాది. కొత్తది సగమే ఎక్కినాది. నువ్వు కొడితే నేను తీగలు వదిలేసి బస్సెక్కుతాను. నువ్వే పట్టుకో, నీ చేత్తో."

చెయ్యి కాసేపు గాలిలోనే ఉంది. తర్వాత దిగింది.

"కషాయం దొరికినాదక్కా," అంది మారి నా చెవిలో.

పని అయ్యాక ఆమెని పక్కకి పిలిచాను. "ఇంట్లో కూడా ఇట్లానే అనరాదా?"

"ఇంట్లో చిప్పు లేదు కదక్కా," అంది.

మా ఇంటికి వచ్చెయ్యమన్నాను. నిజంగానే అన్నాను, గది కూడా చూపించాను. గది బాగుందని చెప్పి, అతని వెనకే బస్సెక్కి పోయింది. తర్వాత కూడా రెండుమూడుసార్లు అడిగాను. ప్రతిసారీ గది బాగుందనే అంది.

పోయాడని చెప్పిన రోజు ఫోను పెట్టేసే ముందు, "ప్రోగ్రాములన్నీ నా దగ్గరే ఉండాయి. సైజు మారితే పిలవండి," అంది. మొన్న మారింది. పిలిచాను.

ఒక్కతే వచ్చింది. ఎవరూ చెప్పకుండానే తమ్ముడు బెల్టు ఊడదీసి మెడలో వేసుకున్నాడు. ఇన్నేళ్ళకి తమ్ముడి నడుము వంగింది, బెల్టు మోకాళ్ళ దాకా వేలాడుతోంది. ఆమె జంపరు తీసి పళ్ళ మధ్య పెట్టుకుంది. రెండోవైపు పెట్టింది. స్విచ్చు మీద చెయ్యి పెట్టి, తల ఎత్తి పుల్లీ వంక చూసింది. వేసింది. మోటారు హోరుమంది.

"అక్కా, నా చేతులు ఖాళీ లేవు. నేను చెప్పినప్పుడు ఆ మీట నొక్కండి."

నొక్కాను. చెరిగింది. రాసింది. తిరిగి చదివింది. తెర మీద తప్పు చూపించింది.

నా గ్లాసు నా వీపు వెనక ఉంది. ఎప్పుడు తీశానో నాకు తెలియదు. మారి గోడకి ఆనుకుని నిలబడి ఉంది. తమ్ముడు కుట్ల గుర్తున్న చెవి మీద చెయ్యి కప్పుకుని పక్కకి వంగాడు. ఆమె తల రెండు భుజాల మధ్యకి దిగిపోయింది. వేళ్ళు మాత్రం తీగల మీదే ఉన్నాయి.

ఏదీ ఎగరలేదు. మోటారు తిరుగుతూనే ఉంది.

ముందు ఆమే తల ఎత్తింది. స్విచ్చు ఆపింది. గోడ దగ్గరున్న మారిని, వంగిన తమ్ముణ్ణి, చేతులు వెనక పెట్టుకున్న నన్ను చూసింది.

"ఎవురూ లేరు," అంది. "రాండి. మళ్ళా మొదటి నుంచి చేద్దాం."

నేను గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టాను. ఆమె మళ్ళీ తల ఎత్తి పుల్లీ వంక చూసింది.